హూప్స్ డైనాస్టీలో ప్రెస్ వదిలేసి మ్యాన్‌కి మారాలా?

కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా ఆడే ఈ ఆన్‌లైన్ గేమ్‌లో, అన్నిటికంటే కింది స్థాయి డివిజన్ త్రీలో ఒక చిన్న కాలేజీ టీమ్ తీసుకున్నాను. పాత కోచ్ వదిలివెళ్ళింది ఫాస్ట్‌బ్రేక్ (బంతి దొరకగానే పరిగెత్తి దాడి చేసే అఫెన్స్), ఫుల్‌కోర్ట్ ప్రెస్ (కోర్టంతా వెంటబడి అడ్డుకునే డిఫెన్స్). చూడ్డానికి భలే ఉంటుంది గానీ 12 స్కాలర్‌షిప్‌లకి నా దగ్గరున్నది తొమ్మిదిమందే. అందులో ముగ్గురికి స్టామినా అంతంతమాత్రం. నిన్న హాఫ్‌టైమ్‌కి 11 పాయింట్లు ముందున్నాం. చివర్లో అందరూ రొప్పుతూ, ఫౌల్స్ మీద ఫౌల్స్ చేసి మ్యాచ్ చేజార్చారు.

డిఫెన్స్‌లో మ్యాన్ టు మ్యాన్‌కి (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాయడం), అఫెన్స్‌లో మోషన్‌కి (అందరూ కదులుతూ పాస్‌లతో షాట్ వెతకడం) మారదామని ఉంది. గార్డులిద్దరూ బయటినుంచి బాగా వేస్తారు, పోస్ట్‌లో, అంటే బాస్కెట్ దగ్గర, ఆడేవాడే లేడు మరి. జోన్ (మనిషిని కాకుండా కోర్టులో తన భాగాన్ని కాసే డిఫెన్స్) మీదికి మాత్రం మనసు పోవట్లేదు, రీబౌండ్లలో మావాళ్ళు అసలే వీకు.

చిక్కల్లా సీనియర్లతోనే. ప్రెస్‌లో వాళ్ళ ఐక్యూ (ఆ పద్ధతి ఎంత వచ్చో గేమ్ ఇచ్చే గ్రేడు) ఏ మైనస్, మ్యాన్‌లో ఎఫ్. ఇప్పుడే మారిస్తే ఈ సీజన్ గంగలో కలిసినట్టేనా? ప్రాక్టీస్ నిమిషాలు రెండిటికీ పంచితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని భయం. మీరైతే ముందు డిఫెన్స్ ఒక్కటే మార్చి, అఫెన్స్ వచ్చే సీజన్‌కి వదిలేస్తారా? అసలు తొమ్మిదిమందితో ప్రెస్ నెట్టుకొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?