ఫ్రీ లాయర్‌ని పెట్టుకుంటే కేసు నిజంగా నడుస్తుందా? (అక్క మనోవర్తి విషయం)

చిన్నతమ్ముడు_ఆదోని:

అందరికీ నమస్కారం. మా అక్క గురించి అడుగుతున్నా. ఇద్దరు ఆడపిల్లలు, బావ బెంగళూరులో ట్రావెల్స్ కారు నడుపుతాడు. రెండేళ్ల నుంచి ఇంటికి రూపాయి పంపలేదు, ఫోన్ ఎత్తడు. పెద్దమనుషుల్లో పెట్టించాం, వాళ్ల ముందు సరే సరే అని తలూపి వెళ్లాడు, అంతే. అక్క మా ఇంట్లోనే ఉండి బట్టలు కుడుతోంది, ఆ డబ్బు మిషన్‌కీ పిల్లల పుస్తకాలకీ కూడా చాలట్లేదు. ఇక్కడ ఒక ప్రైవేట్ లాయర్‌ని అడిగితే ముందు ముప్పై వేలు, తర్వాత వాయిదా వాయిదాకీ వేరే అన్నాడు, మా వల్ల కాదు.

కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం అని బోర్డు ఉంది. అక్కడికి వెళ్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు. డబ్బు తీసుకోని లాయర్ కేసు ఎందుకు పట్టించుకుంటాడు అని అమ్మ, మనమేమైనా అడుక్కునేవాళ్లమా అని నాన్న. పైగా రేషన్ కార్డు అత్తగారింట్లో ఉండిపోయింది, ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెమ్మంటే ఎక్కడి నుంచి తేవాలో తెలీదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పీఎల్‌వీ_అనంత:

తమ్ముడూ, నేను అనంతపురం వైపు పారా లీగల్ వాలంటీర్‌గా (పీఎల్‌వీ, అంటే న్యాయ సహాయం కోసం వచ్చేవాళ్లకి దారి చూపే కార్యకర్త) పనిచేస్తున్నాను. ముందు ఆ ఇన్‌కమ్ సర్టిఫికెట్ టెన్షన్ వదిలేయండి. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ ఇవ్వాలి. ఆదాయ పరిమితి మిగతావాళ్లకే. మీ అక్క ఆడమనిషి, అది చాలు. నాన్నగారికి కూడా చెప్పండి, ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, రాజ్యాంగం 39ఎ అధికరణంలోనే రాసి ఉంది, 1976లో చేర్చారు.

కోర్టులో ఉండేది మండల న్యాయ సేవాధికార కమిటీ. అక్కడికి వెళ్లి తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్తే మాలాంటివాళ్లం రాసిపెడతాం. అర్జీ మీద 7 రోజుల్లోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, కాపీల ఖర్చు అన్నీ న్యాయ సేవల సంస్థే భరిస్తుంది.

అసలు తిప్పలు ఎక్కడొస్తాయో చెప్తాను, సమన్ల దగ్గర. అడ్రస్ సరిగ్గా లేకపోతే ఇంటికి తాళం అని రాసి వెనక్కి పంపేస్తారు, అలా నెలలు గడిచిపోతాయి. ఒకావిడ మా దగ్గరికి వచ్చినప్పుడు భర్త ఎక్కడుంటాడో తెలీదంది. ఆమె సంచిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెట్టించాం. పిల్లాడి టీకాల కార్డు, పాత గ్యాస్ బుక్కు, మందుల చీటీలు. అడుగున ఒక కొరియర్ కవరు దొరికింది, ఎప్పుడో భర్త పిల్లాడికి బట్టలు పంపినప్పటిది, దాని మీద ఆయన పనిచేసే గోడౌన్ అడ్రస్ పెన్నుతో రాసుంది. నోటీసు అక్కడికే వెళ్లింది, ఆయన సంతకం పెట్టి తీసుకున్నాడు. కాబట్టి మీ ఇంట్లో ఉన్న ప్రతి కాగితం వెతకండి. బావ ఏ ట్రావెల్స్‌లో పనిచేస్తాడు, కారు నంబర్ ఎంత, రూమ్‌లో ఎవరితో ఉంటాడు, వాళ్ల అన్నదమ్ములు ఎక్కడుంటారు, అన్నీ రాసిపెట్టుకోండి.

సీమరైతు:

ఆవిడ చెప్పింది తప్పని కాదు గానీ అవతలి సంగతి కూడా వినండి. మా పిన్ని భూమి కేసుకి ఇలాగే ప్యానెల్ లాయర్‌ని, అంటే ఉచిత కేసుల కోసం ఆ సంస్థ లిస్టులో ఉండే లాయర్‌ని, ఇచ్చారు. మొదట్లో బాగానే మాట్లాడాడు. తర్వాత వాయిదాకి జూనియర్‌ని పంపి టైమ్ అడిగించడం, పిన్ని పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని రావడం. జిరాక్స్‌లకని ఒకసారి, ఇంకేదో అని ఒకసారి డబ్బు కూడా తీసుకున్నాడు. పేదోళ్ల కేసంటే అంతే అనిపించి చివరికి మేకలు అమ్మి బయట లాయర్‌ని పెట్టుకుంది. లోక్ అదాలత్‌లో, అంటే కేసులు రాజీ చేయించే చోట, కూర్చోబెట్టి రాజీ పడమ్మా రాజీ పడమ్మా అని అందరూ చుట్టూ చేరతారు, అదీ గుర్తుపెట్టుకో తమ్ముడూ.

నల్లకోటు:

నేను ప్యానెల్‌లో ఉన్న అడ్వకేట్‌నే. సీమరైతు గారూ, మీ పిన్నిగారికి జరిగింది చాలా తప్పు. ప్యానెల్ లాయర్ క్లయింట్ దగ్గర ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. ఎవరికైనా అలా జరిగితే ఊరుకోకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి ఒక కాగితం రాసివ్వండి. ఆ సెక్రటరీ కూడా న్యాయాధికారే, చైర్మన్ స్వయంగా జిల్లా జడ్జి. ఈ లాయర్ వద్దు, ఇంకొకరిని ఇవ్వండి అని అడగొచ్చు. మొదట్లోనే ప్యానెల్ లిస్టు చూసి ఫలానా లాయర్ కావాలని చెప్పే వీలు కూడా ఉంది. మాకు సంస్థ ఇచ్చే ఫీజు తక్కువ, అది నిజం, కొందరు దాన్ని సాకుగా చూపి పని ఎగ్గొడతారు, అదీ నిజం. కానీ ఇదే ప్యానెల్‌లో ఒక్క మనోవర్తి పిటిషన్ కోసం రాత్రి కూర్చుని అఫిడవిట్ రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి బయట ఎవరూ చెప్పుకోరు.

ఇప్పుడు తమ్ముడి కేసుకి వస్తా. మనోవర్తి కేసు పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 125 కింద వేసేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 కింద వేస్తున్నాం. అక్క ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు, మీరు బెంగళూరు పరిగెత్తక్కర్లేదు, ఆయనే ఆదోని రావాలి. అక్కకి, ఇద్దరు పిల్లలకి కలిపి అడగండి. దాంతోపాటే మధ్యంతర మనోవర్తి (కేసు తేలేలోపు నెలనెలా ఇచ్చేది) పిటిషన్ తప్పకుండా వేయించండి, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెప్తోంది. ఆయన కావాలనే తప్పించుకు తిరిగితే కోర్టు ఎక్స్‌పార్టీగా, అంటే ఆయన లేకుండానే, కూడా ఆర్డర్ ఇవ్వగలదు.

2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు రెండు మంచి పనులు చేసింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలి, అంటే నాకేం జీతం లేదు అని నోటిమాటగా చెప్పి తప్పించుకోవడం కుదరదు. రెండోది, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. అందుకే అంటున్నా, లాయర్ మంచివాడా కాదా అని ఇంట్లో ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా పిల్లల డబ్బే పోతోంది.

లోక్ అదాలత్ గురించి సీమరైతు గారన్నది అందరూ చెవిన వేసుకోవాలి. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే తీర్పు. మీ అక్క వద్దంటే ఫైలు తిరిగి కోర్టుకే వెళ్తుంది, ఎవరూ ఏమీ చేయలేరు. ఒప్పుకుంటే మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒకేసారి ఇంత ఇచ్చేస్తా, ఇక మాకు సంబంధం లేదు అని రాసిన కాగితం మీద, పిల్లల పేరు మీద ఏముందో చదవకుండా సంతకం పెట్టొద్దు.

చిన్నతమ్ముడు_ఆదోని:

అందరికీ చాలా థాంక్స్. ఇది మొత్తం అక్కకి చదివి వినిపించా, నాన్న పక్కగదిలోంచి వింటూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. అక్క పెట్టె తీస్తే పెళ్లి పత్రిక, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బావ పాత లైసెన్స్ జిరాక్స్ దొరికాయి. ఆయన వాట్సాప్ ఫోటోలో కారు నంబర్ కూడా కనిపిస్తోంది. ఒక్క సందేహం, ఆర్డర్ వచ్చాక కూడా ఆయన కట్టకపోతే?

నల్లకోటు:

ఆ ఫోటో స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి, మార్చేయొచ్చు. కట్టకపోతే అదే కోర్టులో బకాయిల పిటిషన్ వేస్తాం, వారెంట్ వెళ్తుంది, అయినా కట్టకపోతే బాకీ ఉన్న ఒక్కో నెలకి నెల వరకు జైలు వేయొచ్చు. కానీ ఒక మెలిక ఉంది, బకాయి పడిన ఏడాదిలోపే ఆ పిటిషన్ వేయాలి, లేకపోతే ఆ నెలల మీద వారెంట్ రాదు. ఇస్తాడులే అని చూస్తూ చాలామంది ఆడవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు. ఏ నెల ఎంత వచ్చింది, ఎంత రాలేదు అని అక్కని ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

పీఎల్‌వీ_అనంత:

సోమవారం వెళ్తే పదిన్నరకల్లా వెళ్లండి, కోర్టు మొదలయ్యాక ఎవరూ దొరకరు. అక్కనే మాట్లాడనివ్వండి, మీరు పక్కన ఉండండి. అర్జీ ఇచ్చాక రసీదు గానీ నంబర్ గానీ అడిగి తీసుకోండి. ఎవరైనా తర్వాత రండి అని తిప్పి పంపితే అక్కడి నుంచే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఏం జరిగిందో ఇక్కడ రాయండి తమ్ముడూ, ఎదురుచూస్తుంటాం.