అప్‌డేట్: పడకగది గోడకు రంగు వేయడం పూర్తయింది

స్నానాలగదిని ఆనుకుని ఉన్న మా పడకగది గోడపై రంగు పొక్కులుగా లేచి రాలిపోతోందని, పుట్టీ పెట్టించినా నిలవడం లేదని వేసవి మొదట్లో అడిగాను. రంగు జోలికి పోకముందే తేమ ఎటు నుంచి వస్తోందో తేల్చుకోమని చెప్పినవారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

మీరు సూచించినట్లే ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు ఉంచగా, గోడను తాకే వైపే నీటి చుక్కలు కనిపించాయి. అంటే తేమ గదిలోని గాలిది కాదు, గోడ లోపలిదే. స్నానాలగది టైల్స్ సందులలోని పాత తెల్ల సిమెంటును గీకించి ఎపాక్సీ (నీరు ఇంకనివ్వని జిగురు మిశ్రమం) నింపించిన తరువాత, పొక్కిన రంగునూ, దాని కింద పిండిలా ఊడివచ్చే పుట్టీనీ గట్టి ప్లాస్టరు తగిలేదాకా తీయించి, గోడను వారాల తరబడి అలాగే ఆరనిచ్చాము. ఆరే కొద్దీ పైకి వచ్చిన తెల్లని ఉప్పును తడి గుడ్డతో కాకుండా పొడి బ్రష్‌తోనే దులిపాము, ఎందుకంటే తడి తగిలితే అది కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. మొత్తం పనిలో అసలైన భాగం ఈ ఓపికేనని నా అభిప్రాయం. మేస్త్రీ తొందరపెట్టినా, ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ చేసి చుక్క కనిపించకపోయాకే పని మొదలుపెట్టించాము.

తరువాతిది మామూలే: పలుచగా రెండు కోట్లు పుట్టీ, 180, ఆపైన 320 నంబరు ఎమెరీ కాగితం, దుమ్ము తుడిచి ఒక కోటు ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత), రెండు కోట్లు ఎమల్షన్ రంగు. పక్క నుంచి టార్చిలైటు వేసి చూస్తూ రుద్దించడం వల్ల, మామూలు వెలుతురులో కనపడని ఎత్తుపల్లాలు కూడా దొరికాయి.

స్నానాలగదిని రోజూ వాడుతున్నా గోడ పొడిగానే ఉంది. బీరువాను మాత్రం గాలి ఆడేలా గోడకు కొద్దిగా ఎడంగా ఉంచాము.