కెన్యా టీవీ ప్రసారాల నిలిపివేతపై 2018 నాటి కోర్టు ఉత్తర్వు పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

2018 జనవరి 30న నైరోబీలోని ఉహురు పార్కులో ప్రతిపక్ష నేత రైలా ఒడింగా తనను తాను ‘ప్రజల అధ్యక్షుడి’గా ప్రకటించుకుని ప్రమాణం చేసిన రోజున, ఆ కార్యక్రమాన్ని ప్రత్యక్షంగా చూపవద్దన్న ప్రభుత్వ హెచ్చరికను లెక్కచేయని సిటిజన్, ఎన్‌టీవీ, కేటీఎన్ న్యూస్ ఛానెళ్ల ప్రసారాలను అధికారులు నిలిపివేశారు. ఉద్యమకారుడు ఒకియా ఒమ్టాటా పిటిషన్‌పై ఫిబ్రవరి 1న హైకోర్టు ప్రసారాలను పునరుద్ధరించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, ఎన్‌టీవీ, కేటీఎన్ 5వ తేదీ వరకు, సిటిజన్ 8వ తేదీ వరకు తెరపైకి రాలేదు. కోర్టు చెప్పిన తరువాత కూడా తెరలు చీకటిగా ఉన్న ఆ రోజులే నా వ్యాసానికి ప్రాణం. అందుకే పత్రికల సారాంశాలపై ఆధారపడటం నాకు సమ్మతం కాదు.

కెన్యా తీర్పులను ఉచితంగా అందించే ఒక ఆన్‌లైన్ సంకలనంలో పిటిషనర్ పేరుతోను, జనవరి 30 నుంచి ఫిబ్రవరి 15 వరకు తేదీల పరిమితితోను, పత్రికా స్వేచ్ఛకు సంబంధించిన రాజ్యాంగ 34వ అధికరణం ఆధారంగాను వెతికాను. ఇతర కేసుల తీర్పులే వచ్చాయి. పిటిషన్ సంఖ్య నా దగ్గర లేదు. నైరోబీలోని ఒక గ్రంథాలయానికి మూడు వారాల వ్యవధిలో రెండు ఈమెయిళ్లు పంపినా జవాబు రాలేదు.

తుది తీర్పు కాని ఇటువంటి మధ్యంతర ఉత్తర్వు ప్రతిని, పిటిషన్ సంఖ్య తెలియకుండా, భారతదేశం నుంచి పొందే మార్గం ఏమిటి?