సంక్రాంతి కొలువు: అల్లిక బొమ్మల బల్ల పనులు

చేతిపనుల బల్ల (నరసాపురం నుంచి): అందరికీ నమస్కారమండి. అమ్మావాళ్లింట్లో ఉన్నాను. డాలస్‌లో మన బొమ్మల కొలువుకి క్రోషే బొమ్మలు, అంటే కొక్కెం సూదితో అల్లినవి, కొనేద్దామన్నారు కదా, నా మాట వేరు. పిల్లల చేతే అల్లిద్దాం. ఇక్కడి క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనీ, జపాన్ వాళ్ల అమిగురుమి బొమ్మలూ (నూలుతో అల్లి దూది కూరేవి) రెండూ కొక్కెం సూదితో అయ్యేవే. సన్నదారం అల్లే మా వీధి అత్తయ్యలకి లావు నూలు ఇస్తే గంగిరెద్దు తల ఇట్టే అల్లేశారు. ఎంత ముద్దుగా ఉందో!

బొమ్మ మొదలుపెట్టడం ఇలా: మొదట దారం ఉచ్చులో 6 కుట్లు. ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12. తర్వాత ఒకటి మామూలుగా, పక్కదాంట్లో రెండు, అలా చుట్టంతా వేస్తే 18. వరస ముగిసిందని కలిపెయ్యకూడదు, చుట్టూ తిరుగుతూనే పోవాలి. అందుకే ప్రతి వరస మొదటి కుట్టుకి వేరే రంగు దారం గుర్తు పెట్టాలి, లేదంటే లెక్క తప్పుతుంది. దారం లేబుల్ మీద చెప్పినదానికంటే సన్నసూది తీసుకోండి. కుట్లు వదులైతే లోపలి దూది కనబడిపోతుంది.

పిల్లల విభాగం: అక్కా, ప్లాస్టిక్ కళ్లు ఆర్డర్ పెట్టేయనా?

చేతిపనుల బల్ల: వద్దు తమ్ముడూ. చంటిపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. నల్లదారంతో కుట్టేద్దాం. సూది పట్టలేని చిన్నవాళ్లకి దూది కూరే పని ఇవ్వు.

హాలు ఏర్పాట్లు: అమ్మాయ్, ఒక్క పూటలో గంగిరెద్దు అవుతుందంటావా?

చేతిపనుల బల్ల: అవదు బాబాయ్‌గారూ. ఆ పూటకి బంతి వస్తే చాలు, కోడిపిల్ల అయిపోతుంది. ముక్కూ రెక్కలూ అత్తయ్యలు ముందే అల్లి ఇస్తారు, అతుకుపని మన ఆడవాళ్లు చూసుకుంటారు. గంగిరెద్దు, హరిదాసు, పులస చేప మాత్రం ఇక్కడే అల్లించి పంపుతాను. ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను: అత్తయ్యలకి ముక్కకింత అని కాదు, గంటల లెక్కన ఇద్దాం. చెవీ కాలూ చూడటానికి చిన్నవే, కానీ అంత ఇరుకు చుట్టులో సూది తిరగక వాటికే ఎక్కువసేపు పడుతుంది.

కోశాధికారి: ఆయ్, అలాగేనమ్మా. గంటలు రాసి పంపు, నెలాఖరులోగా డబ్బు వేయిస్తాను.

చేతిపనుల బల్ల: చాలా సంతోషమండి. పార్సెల్ బరువు తగ్గేలా బొమ్మల్ని దూది లేకుండా పంపుతాను. పాలిస్టర్ దూది అక్కడే కొనండి, ఉతికినా ఉండకట్టదు. మొద్దుమొన కుట్టుసూదులు ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో ఇక్కడే రాయండి.