ముక్కిపోవడం, కనరెక్కడం: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా అవ్వది పీలేరు పక్క పల్లె. మొన్న చాటలో శెనక్కాయ విత్తనాలు ఏరతా, ఒకదాన్ని గోటితో చీల్చి చూపించింది. రెండు బద్దల మధ్య పసుపుపచ్చ బూజు. ‘ఇది ముక్కిపోయింది, పారేయ్’ అనింది. ఇంకొకటి చూపుకు బాగానే ఉంది, నమిలితే నాలుక మీద జిడ్డు చేదు. ‘ఇది కనరెక్కింది’ అనింది. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి? విత్తనంలోని నూనె బూజుకు ‘సిగ్నల్’ ఇస్తుందని ఒకచోట చదివాను. దాన్ని సంకేతం అనొచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ అవ్వ తేడా సరిగ్గా చెప్పింది. ముక్కడం బూజు పని, కనరు నూనె పని. వేరుశెనగ గింజలో దాదాపు సగం నూనే. అందులోని లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానికి ఆక్సిజన్ తగిలినప్పుడు కనరు మొదలవుతుంది. గాలికీ జరుగుతుంది, గింజలోని లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ వల్లా జరుగుతుంది.

అసలు విశేషం ఇక్కడుంది. ఆ ఆమ్లం 18 కార్బన్ల గొలుసు. ఆక్సిజన్ 13వ కార్బన్ దగ్గర చేరితే, ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లటాక్సిన్ విషం తయారుచేయడం తగ్గుతుంది. 9వ కార్బన్ దగ్గర చేరితే ఆ తయారీకి ఊతం దొరుకుతుంది. కల, కళ అన్నట్టే: ఒక్క చోటు మారితే అర్థమే మారిపోయింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది వేరుశెనగ పిండిలోని ఈ విషంతోనే. వేయించినా అది పూర్తిగా పోదు. అవ్వ పారేయమన్నది పారేయాల్సిందే.

ఇక మాట సంగతి. ‘సంకేతం’ నాకు నచ్చదు. సంకేతమంటే ఇద్దరూ ముందే అనుకున్న గుర్తు. గింజా బూజూ ఏమీ అనుకోలేదు. ‘ఆనవాలు’ మేలు. ఇచ్చేవాడికి తెలియకపోయినా, చూసేవాడు ఆనవాలు పట్టగలడు.

మరో జవాబు: అన్నా, ఆనవాలు ఒకవైపు మాటే కదా. బూజు సోకిన గింజలో 13 రకం తగ్గి 9 రకం పెరుగుతుందని మాకు క్లాసులో చెప్పారు. అంటే బూజు కూడా గింజను మారుస్తోంది. పైగా ఎప్పుడు ఏ రకం బీజాలు (స్పోర్లు) వేయాలో తేల్చుకోవడానికి బూజు తన ఒంట్లో వాడుకునేదీ ఇలాంటి ఆక్సిలిపిన్లనే, అంటే ఆక్సిజన్ చేరిన కొవ్వు ఆమ్లాలనే. బూజు సొంత భాషలోనే గింజ మాట్లాడుతోందన్నమాట. నేనైతే ‘కబురు’ అంటాను. కబురు పోతుంది, వస్తుంది, దారిలో మారిపోతుంది కూడా.

జవాబు: ‘కబురు’కు ఒప్పుకుంటున్నా తమ్ముడూ. దారిలో మారిపోతుందన్నావే, ఆ గుణం ఆనవాలుకు లేదు. ఆక్సిలిపిన్‌ను మాత్రం అలాగే ఉంచుదాం, ‘ఆమ్లజనీకృత కొవ్వు’ అంటే రైతు ఎవరూ చదవరు. చిత్తూరు, పలమనేరు పక్కవాళ్లు ముక్కిన కాయకు ఇంకేమైనా పేరుంటే రాయండి.