పైగేమ్‌లో చిలక ఎడమకే వెళ్తోంది, కుడికి తిరగనంటోంది. ఎందుకు?

గోదారిగట్టు_కుర్రాడు (తణుకు)

అన్నయ్యలకీ అక్కయ్యలకీ నమస్కారం. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాశాను. సెలవుల్లో పైథాన్, దాంతో ఆటలు చెయ్యడానికి వాడే పైగేమ్ నేర్చుకుంటున్నాను. మా నాన్నగారికి జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. గిరాకీ లేనప్పుడు అక్కడున్న పాత కంప్యూటర్ మీద కూర్చుంటాను.

నేను చేస్తున్న ఆట ఇదీ. పైన మామిడి కొమ్మ. దాని మీద చిలక అటూ ఇటూ నడుస్తుంది, ఎక్కడ ముక్కుతో పొడిస్తే అక్కడి నుంచి కాయ రాలుతుంది. కింద బుట్ట. బాణం మీటలతో బుట్టని జరిపి కాయని పట్టాలి. పడితే పది పాయింట్లు, నేల మీద పడితే ఒక ప్రాణం పోతుంది. బొమ్మలన్నీ పెయింట్‌లో నేనే గీశాను.

మొదట్లో బుట్ట ఎక్స్‌కి (అడ్డంగా అది ఉన్న చోటుకి) లూప్ తిరిగిన ప్రతిసారీ 3 కలిపేవాణ్ణి. షాపులో బాగానే నడిచింది. మా బావ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో వేస్తే మీట ముట్టుకోగానే బుట్ట అంచుకి పోయింది, కాయలు కంటికి కూడా ఆనలేదు. వెతికితే ఒక వీడియోలో డెల్టా టైమ్ గురించి చెప్పారు, అంటే లూప్ ఒకసారి తిరగడానికి పట్టిన సమయం. క్లాక్ డాట్ టిక్ 60 ఇచ్చే మిల్లీసెకన్ల విలువని 1000తో భాగించి డీటీ అని పెట్టుకున్నాను, వేగాలన్నిటినీ దాంతో గుణించాను. ఇప్పుడు రెండు కంప్యూటర్లలోనూ వేగం ఒకేలా ఉంది.

కానీ చిలక కొమ్మ ఎడమ చివరికి వెళ్లి అక్కడే ఆగిపోతోంది. దిక్కు మారుతోంది, బొమ్మ కూడా కుడివైపు తిరుగుతోంది, అడుగు మాత్రం పడటం లేదు. దాని వేగం సెకనుకి 40 పిక్సెళ్లు పెట్టాను. బుట్ట వేగం 300. అది రెండువైపులా వెళ్తోంది కానీ ఎడమకి వెళ్లినంత చురుగ్గా కుడికి రావడం లేదు. కోడ్‌లో కుడికీ ఎడమకీ ఒకే వేగం. చాలాసార్లు చూశాను, ప్లస్, మైనస్ గుర్తులు తప్ప తేడా లేదు.

ఇంకోటి. షాపులో పెద్ద ప్రింట్ ఇచ్చినప్పుడు ఆట ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ టైములో కాయ బుట్టలోంచి దూరి కిందకి పోతోంది, పట్టినట్టు లెక్కలోకి రావడం లేదు. కాయ వేగం 400, బుట్ట ఎత్తు 40 పిక్సెళ్లు.

చివరగా, తెరమీద "స్కోరు" అని తెలుగులో రాస్తే డబ్బాలు వస్తున్నాయి. ఇంగ్లీషులో పెట్టేస్తే గొడవ ఉండదని తెలుసు. కానీ మా నానమ్మ కూడా ఆడాలి, ఆవిడకి తెలుగే వచ్చు.

కోడ్‌వీరుడు_99

బ్రో, పైగేమ్‌తో టైమ్ వేస్ట్. ఇప్పుడెవరూ దాంతో గేమ్స్ చెయ్యరు. యూనిటీ గేమ్ ఇంజిన్ డౌన్‌లోడ్ చేసుకో, చిలక నడవడం, బుట్ట తగలడం అన్నీ అదే చూసుకుంటుంది. లేదంటే గోడో ఉంది, ఫ్రీ. నువ్వు పడుతున్న ఈ తిప్పలేవీ అక్కడ ఉండవు.

లక్ష్మి_విశాఖ

తమ్ముడూ, నువ్వు ప్రశ్న ఎంత బాగా అడిగావంటే కోడ్ చూడకుండానే జబ్బు ఎక్కడుందో చెప్పొచ్చు. దిక్కు మారుతోంది, బొమ్మ తిరుగుతోంది, అడుగు పడటం లేదు అన్నావు చూశావా, ఆ మూడు ముక్కలతోనే సగం పని అయిపోయింది. చిలక_రెక్ట్ డాట్ ఎక్స్‌కి నేరుగా కలుపుతున్నావు, అంతేనా?

పైగేమ్‌లో రెక్ట్, అంటే బొమ్మ ఉన్న చోటూ కొలతలూ ఉంచుకునే దీర్ఘచతురస్రం, పూర్ణాంకాలనే దాచుకుంటుంది. నువ్వు 200.64 ఇస్తే 200 ఉంచుకుని .64 పారేస్తుంది. దగ్గరి అంకెకి సవరించడం కూడా కాదు, చుక్క తర్వాత ఉన్నది కోసేయడమే.

ఇప్పుడు నీ చిలకతో లెక్క వేద్దాం. సెకనుకి 60 ఫ్రేముల దగ్గర (తెరని ఒకసారి గీస్తే ఒక ఫ్రేము) ఒక్కో ఫ్రేముకి దాదాపు 16 మిల్లీసెకన్లు, అంటే నీ డీటీ 0.016. 40ని దాంతో గుణిస్తే 0.64. చిలక 200 దగ్గర ఉందనుకో. కుడికి అడుగేస్తే 200.64, కోత పడి 200. మళ్లీ ఫ్రేము, మళ్లీ 200.64, మళ్లీ 200. సాయంత్రం దాకా నడిచినా అక్కడే ఉంటుంది. ఎడమకి అడుగేస్తే 199.36, కోత పడి 199. అంటే 0.64 జరగాల్సింది పూర్తిగా ఒక పిక్సెల్ జరిగింది. అందుకే ఎడమకి నువ్వు చెప్పిన 40 కాదు, సెకనుకి సుమారు 60 వేగంతో వెళ్తోంది. నువ్వు గమనించి ఉండవు, గడియారం పెట్టుకుని చూడు.

బుట్టదీ ఇదే కథ. 300ని 0.016తో గుణిస్తే 4.8. కుడికి 4, ఎడమకి 5. అప్పుడప్పుడూ టిక్ 17 ఇస్తుంది, అప్పుడు 5.1. కుడికి 5, ఎడమకి 6. ఎటు చూసినా ఎడమదే పైచేయి. ఇదివరకు 3 కలిపినప్పుడు ఈ పేచీ రాలేదంటే, అది పూర్ణాంకం కాబట్టి కోయడానికి ఏమీ లేదు.

నేను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. పైసలు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడమే నా ఉద్యోగంలో సగం. అక్కడ పాటించే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: అసలు లెక్క ఒకచోట పూర్తిగా ఉండాలి, పైకి చూపించేటప్పుడు మాత్రమే సవరించాలి. చిలక_ఎక్స్ అని మామూలు వేరియబుల్ ఒకటి పెట్టుకో. దిక్కు, వేగం, డీటీ గుణించి దానికి కలుపు. ఆ తర్వాత చిలక_రెక్ట్ డాట్ ఎక్స్‌లో రౌండ్ చేసిన చిలక_ఎక్స్ వెయ్యి. బుట్టకీ, కాయ వైకీ (నిలువుగా అది ఉన్న చోటుకీ) ఇలాగే. ఒక్క జాగ్రత్త. అంచు తగిలినప్పుడు రెక్ట్‌ని వెనక్కి తెచ్చి వదిలేస్తే చాలదు, చిలక_ఎక్స్‌నే అంచు దగ్గర నిలబెట్టాలి. లేకపోతే అది తెర బయటికి పోతూనే ఉంటుంది, నీకు కనపడదు. పైగేమ్ సీఈ (పైగేమ్‌కే ఇంకో రూపం) వాడుతుంటే అందులో దశాంశాలు దాచుకునే ఎఫ్‌రెక్ట్ ఉంది, కానీ నువ్వు ముందు వేరియబుల్‌తోనే చెయ్యి. ఏం జరుగుతోందో కళ్ల ముందు ఉంటుంది.

మార్చే ముందు ఒక పని చెయ్యి. ఇప్పుడున్న కోడ్‌లోనే లూప్ చివర చిలక_రెక్ట్ డాట్ ఎక్స్‌ని ప్రింట్ చేసి చూడు. 200, 200, 200 అని వరసగా పడుతుంటే నేను చెప్పింది నా మాట మీద నమ్మక్కర్లేదు. గుర్తులు ఎన్నిసార్లు చదివినా దొరకనిది విలువలు చూస్తే దొరుకుతుంది.

ప్రింట్ ఇచ్చినప్పుడు కాయ దూరిపోయే సంగతి. కంప్యూటర్ 0.3 సెకను ఆగిందనుకో, తర్వాతి ఫ్రేములో డీటీ 0.3 వస్తుంది. 400తో గుణిస్తే 120 పిక్సెళ్లు. కాయ బుట్టకి పైన ఉన్నది ఒక్క గెంతులో కిందకి వచ్చేసింది, మధ్యలో బుట్టని తాకిన ఫ్రేమే లేదు. విండోస్‌లో ఆట కిటికీని మౌస్‌తో పట్టుకుని లాగినా ఇదే జరుగుతుంది. డీటీ లెక్కగట్టగానే దానికి హద్దు పెట్టు: డీటీ ఈక్వల్ టు మిన్, బ్రాకెట్లో డీటీ, 0.05. ఇక ఎంతసేపు ఆగినా కాయ 20 పిక్సెళ్లకి మించి జరగదు, నీ బుట్ట 40. ముందు ముందు కాయల వేగం పెంచినప్పుడు, వేగాన్ని 0.05తో గుణిస్తే వచ్చేది బుట్ట ఎత్తు కంటే తక్కువుందో లేదో చూసుకో.

కోడ్‌వీరుడు గారూ, మీ మాటతో నేను ఏకీభవించను. యూనిటీ, గోడో రెండూ మంచివే, ఈ అబ్బాయి ఏదో ఒకరోజు అక్కడికి వెళ్తాడు. కానీ డీటీ అక్కడా ఉంది. మరీ వేగంగా వెళ్లే వస్తువు గోడలోంచి దూరిపోవడం అక్కడా ఉంది. పైగా ఆ పాత షాపు కంప్యూటర్ మీద యూనిటీ తెరుచుకునేసరికి గిరాకీ వచ్చేస్తుంది. 1972లో వీడియో గేముల కంపెనీ అటారీలో కొత్తగా చేరిన అలన్ ఆల్కార్న్‌కి దాని వ్యవస్థాపకుడు నోలన్ బుష్నెల్ చెయ్యి తిరగడానికని ఇచ్చిన పనే పాంగ్. రెండు పలకలు, ఒక బంతి, అంతే. తిరగని చిలకని తిప్పుకున్న కుర్రాడికి రేపు ఏ ఇంజిన్ ఇచ్చినా భయం ఉండదు.

తమ్ముడూ, ఇంకోమాట. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే వెక్టర్లు వస్తాయి. కాయ కొంచెం ఏటవాలుగా పడేలా చెయ్యాలంటే అవే కావాలి. నాన్నగారు చదువు పాడవుతోందంటే ఆ కోడ్ చూపించు.

కరీంనగర్_టీచరమ్మ

మంచిగ చేసినవ్ బిడ్డా. నానమ్మ ఆడాలె అన్నవు చూడు, ఆ మాట నాకు బాగ నచ్చింది. తెలుగు సంగతి నేను చెప్త. నేను సర్కారు బడిల పిల్లలకు కంప్యూటర్ చెప్త, వాళ్లు గూడ ముందుగాల అడిగేది ఇదే.

డబ్బాలు ఎందుకొస్తున్నయంటే పైగేమ్ తనంతట తాను వాడుకునే ఫాంటుల తెలుగు అక్షరాలే లేవు. గౌతమి అసోంటి తెలుగు ఫాంటు ఇస్తే డబ్బాలు పోతయి, అక్షరాలు వస్తయి. కానీ చాలా కంప్యూటర్లల్ల వత్తులు కుదరవు. "స్కోరు" రాస్తే స పక్కన పొల్లు, దాని తర్వాత కో, ఇట్ల విడివిడిగ పడ్తది. స కింద క వత్తు పెట్టాలె అనేది వేరే పని, దాన్ని షేపింగ్ అంటరు, అది లేకుండ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తది.

మీది డీటీపీ షాపే కదా, ఇగ నీకేం బాధ. ఫొటోషాప్‌ల అను ఫాంటుతోని "స్కోరు", "ప్రాణాలు", "ఆట అయిపోయింది" అని పెద్దగ కొట్టు. వెనుక రంగు లేకుండ పీఎన్‌జీ చేసి పెట్టుకో. ఆటల దాన్ని బొమ్మ లెక్కనే లోడ్ చెయ్, చివర కన్వర్ట్ ఆల్ఫా పెట్టుడు మరువకు, అది వెనుక రంగు లేనిది అట్లనే ఉంచి బొమ్మను తొందరగ గీసేటట్టు చేస్తది. పక్కన అంకెలు మాత్రం పైగేమ్ ఫాంటుతోనే రాయి, అవి మారుతుంటయి కదా. అను ఫాంటు యూనికోడ్ కాదు, కానీ బొమ్మ అయినంక అది ఏ ఫాంటు అని ఎవలడుగుతరు.

ఇంకొకటి చెప్త, ఇది చాలామందికి తెల్వదు. పైథాన్ 3ల వేరియబుల్ పేర్లు తెలుగుల రాయొచ్చు. బుట్ట, కాయ_వేగం, ప్రాణాలు, అన్నీ నడుస్తయి. మా పిల్లలు అట్లనే మొదలు పెడ్తరు. ఒక్కటే చూసుకో. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెడ్తయి, "స్కోర్‌బోర్డు" అసోంటి మాటలల్ల. అది పేరుల ఉంటే పైథాన్ ఒప్పుకోదు, యూ ప్లస్ 200సీ అని తప్పు చూపిస్తది. అసోంటి మాట పేరుల లేకుండ చూసుకుంటే సరిపోతది.

గోదారిగట్టు_కుర్రాడు (తణుకు)

లక్ష్మి అక్కా, ప్రింట్ పెట్టి చూశాను. మీరు చెప్పినట్టే ఒకే అంకె కిందకి కిందకి పడుతూనే ఉంది! కొమ్మ ఎడమ చివర 60 దగ్గర. ఎడమకి వెళ్లేటప్పుడు ఒక్కొక్కటే తగ్గుతోంది. చిలక_ఎక్స్ వేరేగా పెట్టాక ఇప్పుడు రెండువైపులా హాయిగా తిరుగుతోంది. కాకపోతే వేగం తగ్గినట్టు అనిపించింది. ఎడమకి ఇదివరకు 60తో వెళ్లేది కదా, ఇప్పుడు నిజంగా 40. అందుకని 70 పెట్టాను.

డీటీకి హద్దు పెట్టాక పెళ్లిపత్రికల ప్రింట్ నడుస్తుండగానే ఆడి చూశాను. ఆట కొంచెం నెమ్మదిస్తోంది కానీ కాయ ఒక్కటి కూడా దూరలేదు.

టీచర్ గారూ, "స్కోరు" నాన్నగారే టైప్ చేసిచ్చారు. మామిడిపండు రంగు వేసి, చుట్టూ తెల్ల గీత కూడా పెట్టారు, ఫ్లెక్సీలకి పెట్టినట్టు. చాలా బాగుంది.

దీని తర్వాత ఏ ఆట చెయ్యాలి? పాము ఆట చేద్దామనుకుంటున్నాను. దానికీ ఇలా దశాంశాలు పెట్టుకోవాలా?

లక్ష్మి_విశాఖ

పాము ఆటే చెయ్యి. 1997లో నోకియా 6110 ఫోన్‌లో వచ్చింది, ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచి పాఠం లేదు. అందులో స్థానానికి దశాంశాలు అక్కర్లేదు. తెరని గళ్లుగా చేసుకో, పాము ఒంటిని గళ్ల జాబితాగా ఉంచు. కదిలినప్పుడు తల వైపు ఒక గడి చేర్చు, తోక నుంచి ఒకటి తీసెయ్. మేత తిన్నప్పుడు తోక తియ్యకు, పాము దానంతట అదే పెరుగుతుంది.

దశాంశం కాలం దగ్గర వస్తుంది. పాము 0.15 సెకనుకి ఒక గడి జరగాలనుకుందాం. జమ అని ఒక వేరియబుల్ పెట్టి ప్రతి ఫ్రేములోనూ డీటీ దానికి కలుపు. అది 0.15 దాటగానే పాముని ఒక గడి జరుపు. జరిపాక జమని సున్నా చెయ్యకు, దాంట్లోంచి 0.15 మాత్రమే తీసెయ్. 0.158 దగ్గర దాటిందనుకో, ఆ మిగిలిన 0.008 తర్వాతి అడుగుకి చెందుతుంది. సున్నా చేస్తే అది పోతుంది, పాము నువ్వు అనుకున్నదాని కంటే నెమ్మదిగా పాకుతుంది. అదీ ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా.

రెండు మీటలు గబగబా నొక్కితే పాము వెనక్కి తిరిగి తన ఒంట్లోకే దూరి చచ్చిపోతుంది చూడు. అది ఎందుకో నేను చెప్పను. మీట నొక్కిన క్షణానికీ పాము జరిగే క్షణానికీ మధ్య దిక్కు ఎన్నిసార్లు మారుతోందో ప్రింట్ చేసి చూసి, నువ్వే ఇక్కడ రాయి.