మాధవమాల కొయ్యబొమ్మలు విమానంలో పంపాలి, ఛార్జీ లెక్క అర్థం కావట్లేదు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. దగ్గర్లోని మాధవమాల ఊరి శిల్పుల దగ్గర టేకు బొమ్మలు కొని అమ్ముతుంటాను. మొదటిసారి మెల్‌బోర్న్ నుంచి ఆర్డర్ వచ్చింది. ఎగుమతికి కావాల్సిన ఐఈసీ కోడ్ (ఎగుమతి-దిగుమతిదారుల నంబరు) తీసుకున్నాను. సరుకు చెన్నై ఎయిర్‌పోర్ట్ నుంచే వెళ్లాలి.

పెట్టె 100×60×60 సెం.మీ., తూకం 28 కిలోలే. ఏజెంటు మాత్రం 60 కిలోలకు కొటేషన్ ఇచ్చాడు. అడిగితే వాల్యూమెట్రిక్ వెయిట్ అట, కొలతలు గుణించి 6000తో భాగిస్తారట. లెక్క సరిగ్గానే ఉంది, నా గుండే ఆగింది! బొమ్మల చేతులు విరగకుండా చుట్టూ గడ్డి, థర్మాకోల్ కుక్కాం మరి. పెట్టె చిన్నదయ్యేలా చేతులు విడిగా చెక్కించి అక్కడ బిగించుకోమంటే కొనేవాళ్లు ఒప్పుకుంటారా? అలా పంపినవాళ్లున్నారా?

ఇంకోటి, ఆస్ట్రేలియాలో కొయ్యకు క్వారంటైన్ గట్టిగా ఉంటుంది. ఫ్యూమిగేషన్ (పురుగులు చావడానికి మందు పొగ పట్టించడం) బొమ్మలకు వేరే, ప్యాకింగ్ చెక్కకు వేరే చేయించాలా? ప్లైవుడ్ పెట్టె అయితే ఐఎస్‌పీఎం-15 ముద్ర (ప్యాకింగ్ చెక్కకు పురుగు లేకుండా శుద్ధి చేశారని వేసే గుర్తు) అక్కర్లేదంటున్నారు, కానీ ఏజెంటు కావాలంటున్నాడు.

తిరుపతి నుంచి కొయ్య అనగానే ఎర్రచందనమా అని అడుగుతున్నారు. టేకేనని చూపడానికి కస్టమ్స్‌కి మీరు ఏ కాగితాలు ఇచ్చారో చెప్పండి. వచ్చే వారమే పంపాలి, టెన్షన్‌గా ఉంది.